పన్నెండో రాయి

మా మామయ్య పోయిన రోజు కొండ మీది ఐదో వరస ఇళ్ళ వాళ్ళు ఒక్కరూ రాలేదు. ఆరో వరస వాళ్ళు, ఏడో వరస వాళ్ళు కొందరు వచ్చారు గానీ, గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి తొంగి చూసి, బస్సు వేళయిందంటూ వెళ్ళిపోయారు. మా అమ్మ రాలేదు. సొంత తమ్ముడు, తన చేతుల మీద పెరిగినవాడు, అయినా రాలేదు. నేను వెళ్ళాను. వెళ్ళాను గానీ ఏడవలేదు. ఆయన మీద నా కోపం అప్పటికి తీరలేదు, ఇప్పటికీ తీరలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను కాబట్టి ఎక్కడైనా మాట కరుకుగా తగిలితే ఏమీ అనుకోకండి.

ముందు కొండ గురించి చెప్పాలి. కొండ లేకపోతే మామయ్య కథ లేదు.

నగరం నడిబొడ్డున కొండ. నగరం ఈ కొండ చుట్టూ పెరిగిందని బడి పుస్తకంలో రాశారు. శుద్ధ అబద్ధం. నగరం కొండని తింటూ పెరిగింది. రైలు స్టేషను గోడలు, కోర్టు మెట్లు, పెద్దాసుపత్రి పునాదులు, నది మీద పాత వంతెన కాళ్ళు, అన్నీ కొండకి ఆగ్నేయ మూల ఉన్న గొయ్యిలోంచి లేచినవే. కాగితాల్లో దాన్ని క్వారీ అంటారు, మేం గొయ్యి అనే అంటాం. పనికొచ్చే రాయి ఊళ్ళోకి పోయింది. పనికిరాని పెళ్ళలూ, చిప్సూ, దుమ్మూ దక్షిణం వైపు కింద పోశారు. అలా ఏడెనిమిదేళ్ళు పోశాక దాన్ని చదును చేసి, దాని మీదుగా కొండ చుట్టూ రోడ్డు వేశారు. ఈ పెళ్ళల సంగతి గుర్తుంచుకోండి. మామయ్య మర్చిపోయింది దీన్నే.

కొండ నెత్తిన మొదట్లో కాపలా బురుజు ఉండేదట. దాన్ని పడగొట్టి నీళ్ళ ట్యాంకు కట్టారు, ట్యాంకు పక్కన తరవాత టవరు లేచింది. ఉత్తరం వైపు వాలు తక్కువ, మట్టి ఎక్కువ, మధ్యాహ్నం మూడింటికే నీడ పడుతుంది. అటువైపు డాక్టర్లూ లాయర్లూ బంగళాలు కట్టుకున్నారు. దక్షిణం అంతా నిలువు రాయి, ఎండాకాలం చెయ్యి పెడితే పెనం. అటువైపు మేం వచ్చాం. ట్యాంకులోంచి నీళ్ళు ముందు ఉత్తరానికే దిగుతాయి, పైపు అటే వేశారు కాబట్టి. కొండ ఒకటే గానీ ఎవరి కొండ వాళ్ళది.

మామయ్య సర్వే ఆఫీసులో చైన్‌మాన్. ముప్పై ఏడేళ్ళ ఉద్యోగంలో ఆయన చేసింది గొలుసు ఒక కొస పట్టుకుని నడవడం. వంద కడియాల ఇనప గొలుసు, చాపితే అరవై ఆరు అడుగులు. దానికి ఇద్దరు మనుషులు కావాలి. మొదటి కొస పట్టుకుని కదలకుండా కూర్చునేవాడు వెనక మనిషి. రెండో కొస పట్టుకుని ముందుకు పోయేవాడు ముందు మనిషి. మామయ్య పొడుగాటి కాళ్ళవాడు, చేరిన రోజే ముందు మనిషిని చేశారు. రిటైరయ్యేదాకా ముందు మనిషిగానే ఉన్నాడు. కొండ మీద అందరూ ఆయన్ని గొలుసాయన అనేవాళ్ళు.

ఆయన ఎవరింటికి వెళ్ళినా కూర్చునేలోపు గది పొడుగు చెప్పేసేవాడు. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. మిషను పక్కన నిలబడి నా టేపు తీసి, గోడ మీద తాను గీసిపెట్టిన గీతలతో సరిచూసేవాడు.

"టేపు సాగిందేమో చూసుకుంటూ ఉండు అమ్మాయ్. కొలిచేదే సాగిపోతే లోకమంతా పొట్టిదైపోతుంది."

"లోకం సంగతి దేవుడెరుగు, జాకెట్టు బిగువైపోతే నన్ను తిడతారు మామయ్యా" అనేదాన్ని.

ఇక అసలు సంగతి. మామయ్య ఉద్యోగంలో చేరిన ఏడాదే, ఆయనకి ఇరవై ఒకటో ఏట, కొండకి హద్దు కొలిచారు. కొండ మొదలు నుంచి పది గొలుసుల దూరం వరకు ఇళ్ళకి, ఆ పైన కొండ ప్రభుత్వానిది, అక్కడ ఎవరూ కట్టకూడదు. ఇదీ రూలు. చుట్టూ ముప్పై ఒక్క చోట్ల కింది నుంచి పైకి కొలిచి, పది గొలుసులు పూర్తయిన చోటల్లా ఒక రాయి పాతాలి.

కొండ మీద కొలవడానికి ఒక పద్ధతుంది. గొలుసుని వాలు మీద పరవకూడదు. మట్టంగా, నేలకి తాకకుండా గాల్లో పట్టుకోవాలి. ముందు కొస నుంచి తూకపు గుండు వేలాడదీసి, అది ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టుకుని, మెట్లు ఎక్కినట్టు కొంచెం కొంచెంగా పైకి పోవాలి. ఎందుకూ అంటే మామయ్య నిచ్చెన చూపించేవాడు. పదడుగుల నిచ్చెన గోడకి వాల్చి చూడండి, దాని కింద నేల పదడుగులు ఉండదు. రూలు అడిగేది నేల కొలత, నిచ్చెన కొలత కాదు.

మొదటి పదకొండు గీతలూ ఉత్తరం వైపు. సర్వేయరు గొడుగు వేసుకుని పక్కనే నిలబడ్డాడు. అవన్నీ మట్టంగా పట్టే కొలిచారు, వెంట్రుకవాసి తేడా లేదు. పన్నెండో గీతతో దక్షిణం మొదలైంది. సర్వేయరుకి ఆయాసం, ఎండ తట్టుకోలేక కింద జీపులోనే కూర్చుండిపోయాడు. వాలు నిలువు. మట్టంగా పడితే ఒక్కో గీతకి ఒక పూట పడుతుంది. మర్నాడు ఊళ్ళో ఒక సినిమాకి ఆఖరి రోజు. మామయ్య గొలుసుని రాతి మీద పరిచేశాడు. పన్నెండు నుంచి ముప్పై ఒకటి వరకు ఇరవై గీతలూ అలాగే పరిచి, రెండు రోజుల్లో ముగించాడు.

"ఎవరూ చెప్పలేదమ్మాయ్. సర్వేయరు చెప్పలేదు, వెనక మనిషి చెప్పలేదు. నేనే పరిచాను. అప్పుడక్కడ మేకలు తప్ప ఎవరున్నారు? మేకలకి హద్దేమిటి అనుకున్నాను. సినిమాకి టికెట్టు కూడా దొరకలేదు" అన్నాడు నాతో, నలభై మూడేళ్ళ తరవాత.

వాలు మీద పరిచిన పది గొలుసులు నేల మీద పది గొలుసులు కావు. దక్షిణం రాళ్ళు ఉండాల్సిన చోటు కన్నా వంద అడుగులు కిందికి పడ్డాయి. పదకొండో రాయికీ పన్నెండో రాయికీ మధ్య గీత ఒక్కసారిగా దిగజారడం ఎవరికైనా కనిపిస్తుంది. అక్కడ బండ అడ్డమొచ్చిందేమో అనుకున్నారంతా.

తరవాత గొయ్యి పెళ్ళలు పడ్డాయి, రోడ్డు పడింది, జనం వచ్చారు. కింద రోడ్డు నుంచి మొదటి వరస, రెండో వరస, అలా రాళ్ళ కిందుగా ఐదు వరసలు లేచాయి. ఐదో వరసలో మా నాన్న రెండు గదులు కట్టాడు. పెళ్ళయ్యాక మామయ్యకి కింద చోటు దొరకలేదు. రాళ్ళు దాటి పైన కట్టుకున్నాడు. అత్తయ్య భయపడింది.

"మీరు పాతిన రాయి దాటి మీరే కడతారా?"

"లెక్క ప్రకారం మనం లోపలే" అన్నాడు.

ఏ లెక్క అని అత్తయ్య అడగలేదు. చుట్టుపక్కల వాళ్ళకీ అదే మాట చేరింది. గొలుసాయనే కట్టుకున్నాడంటే ఇక భయమేముంది అనుకున్నారు. పదేళ్ళలో ఆరో వరస నిండింది, ఏడో వరస నిండింది. మొత్తం అరవై నాలుగు ఇళ్ళు, ఆయన నోట్లోంచి వచ్చిన ఒక్క మాట మీద లేచాయి.

ఆయన మాత్రం ప్రతి ఆదివారం రెండు డబ్బాలు, రెండు బ్రష్షులు పట్టుకుని రాళ్ళ చుట్టూ తిరిగేవాడు. రాయికి తెల్ల రంగు, దాని మీద నల్లటి అంకె. అది ఆయన పని కాదు, ఎవరూ చెయ్యమనలేదు. నా పుట్టినరోజు ఏనాడూ గుర్తుండదు గానీ పదిహేడో రాయికి పెచ్చు లేచిందని మాత్రం నిద్రలో కూడా గుర్తే అని అత్తయ్య దెప్పేది. ఆ రంగు వేసే ఓపికలో సగం ఆ వేళ గొలుసు పట్టుకోవడంలో ఉండి ఉంటే ఈ కథే లేదని నాకు ఇప్పటికీ మండుతుంది.

ఆయన రిటైరయిన ఆరేళ్ళకి నోటీసులు వచ్చాయి. రాళ్ళు దాటిన ఇళ్ళు మూడు నెలల్లో ఖాళీ చెయ్యాలి. ఆరో వరసా ఏడో వరసా పోతాయి. ఐదో వరసకి ఏమీ లేదు, మేం రాళ్ళకి ఇవతల ఉన్నాం.

ఆ సాయంత్రం అమ్మ మామయ్యని పిలిపించింది.

"ఒరే, నువ్వూ నీ పెళ్ళామూ ఇక్కడికి వచ్చెయ్యండి. ఒక గది మీకు, ఒక గది మాకు. నలుగురం సర్దుకోలేమా?"

"నా ఒక్కడిదీ కాదక్కా. అరవై నాలుగు ఇళ్ళు. అందరూ నన్ను చూసి కట్టారు. తప్పు కొలత అని నాకు తెలుసు. ఆఫీసుకి వెళ్ళి చెబుతాను, మళ్ళీ కొలవమంటాను. మట్టంగా కొలిస్తే హద్దు ఏడో వరస దాటి పైకి పోతుంది."

అమ్మ, "అర్జీ పెట్టు, బతిమాలు, ధర్నా చెయ్యి. కొలత జోలికి మాత్రం పోకు. నిద్రపోతున్న రాళ్ళని కదిపితే ఏం లేస్తుందో ఎవరికి తెలుసు?" అంది.

అమ్మ బడికి పోలేదు. అయినా ఆ ఇంట్లో ఆ రోజు తెలివిగా మాట్లాడింది ఆవిడొక్కతే. నాకు మాత్రం మామయ్య మాటే న్యాయంగా తోచింది. ఆయనకి అంకెలు ముత్యాల్లా వచ్చేవి గానీ అక్షరాలు కోడిగీతలు. మర్నాడు అమ్మ కూరగాయలకి కిందికి దిగినప్పుడు నా మిషను బల్ల మీదే కాగితం పెట్టి ఆయన చెబుతుంటే నేను అర్జీ రాశాను. "గొలుసును వాలు మీద పరిచిన తప్పు నాదే" అని ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. చివరి వాక్యం మాత్రం నాది. ఆఫీసు భాషలో, గట్టిగా ఉండాలని రాశాను. "కావున కొండ మొదలు నుండి మట్టముగా మరల కొలిపించి, ఆ కొలత ప్రకారమే హద్దు నిర్ణయించవలసిందిగా ప్రార్థన." చదివి వినిపిస్తే మామయ్య రెండుసార్లు తలూపాడు.

ఆఫీసుకి నేనూ వెళ్ళాను. ఆయన ముప్పై ఏడేళ్ళు నిలబడి పనిచేసిన ఆఫీసులో ఆ రోజు కుర్చీ ఇచ్చారు. అధికారి ముప్పై దాటని అమ్మాయి. అర్జీ అంతా చదివింది. తిడుతుందనుకున్నాం.

"ఇన్నేళ్ళు ఎవరూ అడగలేదు కదండీ, మీకై మీరు ఎందుకు చెబుతున్నారు?"

"అడిగితే అప్పుడే చెప్పేవాణ్ణమ్మా. ఇప్పుడు ఇళ్ళు పోతున్నాయి."

"మీలాంటి వాళ్ళు అరుదు" అని, మళ్ళీ కొలిపిస్తానంది, మాట మీద నిలబడింది. వారం తిరక్కుండా మళ్ళీ కొలవడానికి ఉత్తర్వు వచ్చింది. మంచి అమ్మాయి. ఆమె చెడ్డదై ఉంటే అర్జీని బుట్టలో పడేసేది, మా ఐదో వరస ఇవాళ్టికీ ఉండేది.

ఆ వారం మామయ్య ఏడో వరసలో నడుస్తుంటే జనం కుర్చీలు తెచ్చి వేశారు. టీ కొట్టువాడు పిలిచి మరీ టీ ఇచ్చాడు. నిజం నిలకడ మీద తెలుస్తుందని ఒకరు, ఆయన నోరు విప్పబట్టి బతికామని ఇంకొకరు.

కొలత రోజు ఇప్పటి పద్ధతిలో గొలుసు లేదు. కింద మూడు కాళ్ళ మీద ఒక యంత్రం పెడతారు. పైన ఒక మనిషి కొసన అద్దం ఉన్న కర్ర పట్టుకుని నిలబడితే ఆ యంత్రమే మట్టంగా దూరం చెబుతుంది. కర్ర పట్టుకునే మనిషి ఒకడు ఆ రోజు రాలేదు. మామయ్య తానే పట్టుకుంటానన్నాడు. అరవై నాలుగేళ్ళవాడు ఉతికిన చొక్కా వేసుకుని, కర్ర భుజాన పెట్టుకుని ఏడో వరస పైదాకా ఎక్కాడు. ఏ చోట ఆగాలో ఆయన ముందే లెక్క వేసుకున్నాడు. అక్కడ నిలబడి కర్ర నిటారుగా పట్టాడు. రెండు వరసల జనం ఆయన వెనక నిలబడ్డారు. నేను మా గుమ్మంలోంచి చూస్తున్నాను.

కింద యంత్రం దగ్గర మనిషి చెయ్యి ఊపాడు. కిందికి రమ్మని.

మామయ్య పదడుగులు దిగాడు. మళ్ళీ చెయ్యి ఊపాడు. ఇంకా కిందికి. ఏడో వరస దాటాడు. యంత్రం సరిగ్గా పెట్టలేదేమో అని ఎవరో అన్నారు. మళ్ళీ చెయ్యి. ఆరో వరస, తన ఇంటి ముందు నుంచే, దాటాడు. అత్తయ్య కిటికీలోంచి చూస్తోంది. తాను నలభై మూడేళ్ళ కిందట పాతిన పాత పన్నెండో రాయి దాటాడు. మళ్ళీ చెయ్యి. ఐదో వరస ఇళ్ళ సందులోకి వచ్చాడు. మా ఇల్లు దాటి, మా మెట్ల కిందికి దిగాక, కింద మనిషి రెండు చేతులూ అడ్డంగా చాపాడు.

"అక్కడే. ఆగండి."

మామయ్య ఆగాడు. నా వైపు చూడలేదు. కర్ర నేలకి ఆనించి, చెట్టు మీద నుంచి పడ్డవాడిలా దిగిపోయాడు కిందికి. నేను వెనకే పరుగెత్తాను.

యంత్రం రోడ్డు అంచున ఉంది. మామయ్య దాన్ని చూశాడు, రోడ్డుని చూశాడు, అప్పుడు అర్థమైంది ఆయనకి.

"కొండ మొదలు ఇది కాదమ్మా" అన్నాడు అధికారితో. "ఇది గొయ్యిలోంచి తెచ్చి పోసిన పెళ్ళ. అసలు మొదలు అదిగో, నూట యాభై అడుగులు లోపలికి ఉంది. క్వారీ ఎద్దులు తాగే రాతి తొట్టి ఉండేది. వెనక మనిషి దాని మీదే కూర్చునేవాడు. పూడిపోయింది. తవ్వితే దొరుకుతుంది."

"ఇళ్ళ కింద తవ్వించలేను కదండీ. రూల్లో కొండ మొదలు అని మాత్రమే ఉంది. ఇవాళ కొండ మొదలయ్యేది రోడ్డు దగ్గరే." ఆమె ఫైలు తెరిచింది. గొంతులో జాలి ఉంది, అదే భరించలేకపోయాను. "మీ అర్జీలో కూడా అలాగే రాశారు. కొండ మొదలు నుండి మట్టముగా, ఆ కొలత ప్రకారమే, అని."

మామయ్య ముప్పై ఏడేళ్ళు ముందు మనిషి. తన చేతిలో ఉన్న కొస ఎలా పట్టుకోవాలో తప్ప, వెనక కొస ఎక్కడ పెట్టారో ఏనాడూ ఆలోచించాల్సిన పని పడలేదు ఆయనకి. అది ఇంకొకరి పని. నేనైనా ఆలోచించాను కాను.

ఉత్తరం వైపు పెళ్ళ పొయ్యలేదు. పదకొండు రాళ్ళూ ఉన్నచోటే ఉన్నాయి. బంగళాల వాళ్ళకి ఆ రోజు కొలత జరిగిందని కూడా తెలీదు.

కొత్త పన్నెండో రాయి మా మెట్ల ముందు పాతారు. ఇల్లు దానికి పైన ఉంది కాబట్టి పోతుంది. ఆరు, ఏడుతో పాటు ఐదో వరస ముప్పై ఒక్క ఇళ్ళూ పోతాయి. పాతినవాళ్ళు సుద్దముక్కతో అంకె గీకి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఐదో వరసలో ఎవరూ మామయ్యని తిట్టలేదు. ఆయన వస్తుంటే తలుపులు వేసుకున్నారు.

ఇప్పుడు మేం ఊరి చివర, బస్సులో గంటన్నర దూరాన, నాలుగో అంతస్తులో ఉంటున్నాం. ఎటు కొలిచినా బల్లపరుపుగా ఉండే నేల. అక్కడి నుంచి కొండ చిన్నగా కనిపిస్తుంది. దక్షిణం వైపు వరసలన్నీ తీసేశారు కదా, దూరపు కొండలు నునుపు అన్న మాట అచ్చం నిజమైంది. మామయ్య వాళ్ళకి మా పక్క బ్లాకులోనే ఇచ్చారు. నాలుగేళ్ళు బతికాడు అక్కడ. అమ్మ ఒక్కసారి కూడా ఆయనతో మాట్లాడలేదు.

ఆఖరిసారి మాట్లాడింది రాయి పాతిన మర్నాడు పొద్దున. నేను మిషను తుడుస్తుంటే బయట డబ్బా చప్పుడైంది. గుమ్మంలోకి వచ్చి చూస్తే మామయ్య మా మెట్ల ముందు గొంతుక్కూర్చుని రాయికి తెల్ల రంగు వేస్తున్నాడు. సుద్ద అంకె చూసి తట్టుకోలేకపోయాడో, చేతులకి వేరే పని తెలీదో. అమ్మ బయటికి వచ్చి పై మెట్టు మీద నిలబడింది.

"ఈసారైనా సరిగ్గా కొలిచారా?"

"సరిగ్గానే కొలిచారక్కా. మట్టంగా."

"వద్దన్నాను కదరా నేను." అమ్మ గొంతు పెంచలేదు. "ఆ అర్జీ ఎవరు రాశారు? నీకు అక్షరాలు రావుగా."

మామయ్య బ్రష్షు డబ్బాలో ముంచాడు. అంచుకి రాసి ఎక్కువైన రంగు తీశాడు. తల ఎత్తలేదు.

"నేనే రాశానక్కా."

నేను తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు, నేను రాశానని.

"అంకె బాగా రాయి. కూల్చేవాళ్ళకి కనపడాలిగా" అని అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన ఒకటి రాశాడు, దాని పక్కన రెండు రాశాడు, రంగు ఆరేదాకా అక్కడే కూర్చున్నాడు. అమ్మకి నేను ఇప్పటికీ చెప్పలేదు.